గున్నమ్మ హాజరు

చనిపోయి ఏడేళ్ళయిన మా అమ్మ రేపు ఉదయం ఆరు గంటలకు ఏం చేయబోతోందో నాకు గోడ మీద చూపించారు.

చూపించింది డాక్టర్ హైమవతి. ప్రాంతీయ ఉపాధి అంచనా కేంద్రానికి ఆవిడే పెద్ద. నేను అక్కడ కాంట్రాక్టు మీద పనిచేసే క్షేత్ర సహాయకుణ్ణి. జీడిపప్పు షెడ్ల చుట్టూ తిరిగి వివరాలు రాసుకొచ్చి ఇవ్వడం నా పని. ఇంటర్‌తో చదువు ఆపేసిన నన్ను కూడా ఆవిడ గౌరవంగానే పిలిచేది. ఆ రోజూ అలాగే పిలిచి, "రండి సింహాచలం గారూ, మీ నీలమ్మపేట అద్భుతాన్ని చూడండి" అంది.

గోడ మీద బూడిదరంగు ఆకారం ఒకటి బస్సు దిగి నడుస్తోంది. దానికి ముఖం లేదు. నడక మాత్రం ఉంది. పక్కన అక్షరాలు: బమ్మిడి గున్నమ్మ, డెబ్బై ఒక్క ఏళ్ళు, నాలుగో షెడ్డు, నూట అరవై మూడో పీట.

"ఈ వయసులో రోజుకు పద్నాలుగు కిలోల జీడిపప్పు తీస్తోందండీ ఈవిడ. మీ ఊళ్ళో ఇలాంటివాళ్ళు రెండు వందల ఎనభై మంది ఉన్నారు. మీ ప్రాంతపు స్త్రీల ఒంటి గట్టితనం మీద నేను రాసిన వ్యాసానికి ఢిల్లీలో బహుమతి వచ్చింది, తెలుసా?"

ఆ ఆకారం ఎడమ కాలు కాస్త బయటికి వేస్తూ, ఎవరితోనో పోట్లాటకు వెళ్తున్నట్టు భుజం ముందుకు పెట్టి నడుస్తోంది. మా అమ్మ అలా నడిచేది కాదు. అలా నడిచేది నా భార్య దాలమ్మ.

మా ప్రాంతంలో పనిచేసే పదకొండు లక్షల మందికీ ఆ యంత్రంలో ఒక్కొక్క నీడ ఉంది. బస్సు టికెట్టు, గేటు కెమెరాలో పడిన నడక, కాటా మీద పడిన బరువు, ఆస్పత్రి చీటీ, అన్నీ కలిపి నీడను కడతారు. తరవాత ఆ నీడలన్నింటినీ పదేళ్ళు ముందుకు బతకనిస్తారు. మనకు పదేళ్ళు పట్టేది వాటికి ముప్పావుగంట. చివర్లో ఏ పనిలో ఎందరు మిగిలారో లెక్కపెట్టి, ఆ అంకెను ఉపాధి మండలికి పంపుతారు. ఏ ఊరికి బస్సు ఉండాలి, ఎక్కడ శిక్షణ ఇవ్వాలి, ఏ ఆస్పత్రి మూయాలి అన్నది మండలి దాన్ని బట్టే తేలుస్తుంది.

మూడేళ్ళ క్రితం పక్క ఊరి మగ్గాలు ఇక నడవవని యంత్రం చెప్పింది. ఆ మాట విని బ్యాంకు అప్పులు ఆపేసింది, నూలు డిపో మూసేశారు, మగ్గాలు ఆగిపోయాయి. యంత్రం చెప్పింది చెప్పినట్టు జరిగిందని కేంద్రంలో స్వీట్లు పంచారు. నేనూ తిన్నాను. తింటూనే, అది జరగబోతోంది కాబట్టి యంత్రం చెప్పిందా, యంత్రం చెప్పింది కాబట్టి జరిగిందా అని దేవుణ్ణి అడిగాను. నా ప్రశ్నలు చాలావరకు ఆయనతోనే. పైవాళ్ళను అడిగే ధైర్యం నాకు లేదు.

డాక్టర్ హైమవతి వేలు కదిపింది. గోడ మీద ఏళ్ళు గడిచాయి. ఆ నడక నెమ్మదించింది. భుజం వాలింది. ఆరో ఏడు చివర ఆ ఆకారం పీట మీద కూర్చుంది, మళ్ళీ లేవలేదు. కాసేపటికి గోడ మీద ఖాళీ పీట మిగిలింది.

"సహజ మరణం" అందావిడ. "ఇలా ఒక్కొక్కరే వెళ్ళిపోతారు. కొత్తవాళ్ళెవరూ చేరడం లేదు. పదేళ్ళకు మీ ఊళ్ళో జీడిపిక్క కొట్టే మనిషే ఉండదండీ. సున్నా."

మా అమ్మ పేరుతో, మా అమ్మ వయసులో నా భార్య చనిపోవడం చూసి నేను బయటికి వచ్చాను. కుళాయి దగ్గర ముఖం కడుక్కున్నాను.

ఇందులో తప్పు యంత్రానిది కాదు. మా ఊరిది.

పిక్క పగలగొడితే వచ్చే నూనె వేళ్ళ చర్మాన్ని తినేస్తుంది. ఎంత బూడిద రాసుకున్నా రెండేళ్ళకు వేలిముద్ర పోతుంది. అందుకని మా షెడ్లలో వేలిముద్ర హాజరు లేదు, ఇత్తడి బిళ్ళ హాజరు. బిళ్ళ ఎవరిదో పీట వాళ్ళది. అత్తకు ఒంట్లో శక్తి తగ్గగానే బిళ్ళ కోడలి మెడలో పడుతుంది. పేరు మాత్రం మారదు. పేరు మార్చాలంటే పీట వదులుకొని మళ్ళీ కొత్తగా అడుక్కోవాలి, అది ఎవరికి దక్కుతుందో తెలియదు. అందుకే మా ఊళ్ళో పిక్క కొట్టే మనిషి చనిపోతే దహనం చేస్తాం, కర్మలు చేస్తాం, మున్సిపాలిటీలో మాత్రం రాయించం. యజమానులకు తెలుసు. మేస్త్రీలకు తెలుసు. మూడేళ్ళ క్రితం కేంద్రం కోసం జాబితా రాయడానికి నాలుగో షెడ్డుకు వెళ్ళినప్పుడు నాకూ తెలుసు. నూట అరవై మూడో పీట మీద దాలమ్మ కూర్చుని ఉంది. నన్ను చూసి నవ్వాపుకుంటోంది. నేను "గున్నమ్మ, అరవై ఎనిమిది" అని రాసుకొని పక్క పీటకు వెళ్ళాను.

ఇంటికి వెళ్ళి జరిగింది చెప్పాను. దాలమ్మ చేతులకు ఆముదం రాసుకుంటోంది.

"అయితే యేటంతావు మావా? నాను ఆరేళ్ళలో సచ్చిపోతానా?"

"నువ్వు కాదు. అమ్మ."

"మీ అమ్మ ఒకపాలి సచ్చిపోనాది కదా. రొండోపాలి కూడా నానే ఏడవాలేటి?" అని నవ్వింది. తరవాత నా ముఖం చూసి నవ్వు ఆపింది. "నీ మొకం బాగోలేదు. ఆ మేడమ్‌కి ఏటైనా సెప్పీసినావా?"

"ఇంకా లేదు."

"ఇంకా ఏటి, ఇంకా! సెప్పకు. పదేళ్ళున్నాదని ఆ యంత్రమే సెప్తన్నాది కదా. పదేళ్ళంటే మాటలా? అప్పటికి ఆ యంత్రమే పాడవుద్దేమో."

నేను ఒప్పుకున్నాను. నెల తిరక్కుండానే మండలి ఉత్తరువు వచ్చింది. పదేళ్ళలో ఉండని పరిశ్రమకు ఇప్పట్నించే ఖర్చు తగ్గించుకోవాలట. ఉదయం అయిదున్నర బస్సు తీసేశారు. షెడ్ల పొగకు దగ్గేవాళ్ళు వెళ్ళే చిన్న ఆస్పత్రికి తాళం పడింది. బస్సు లేక నాలుగు కిలోమీటర్లు నడిచి వెళ్ళిన ఆడవాళ్ళు మర్నాడు సాయంత్రం నేరుగా మా ఇంటి ముందుకు వచ్చారు. వాళ్ళకు ముందు నిలబడింది ఎర్రమ్మత్త. నాలుగో షెడ్డులో సొంత పేరు మీద ఉన్న కొద్దిమందిలో ఆవిడ ఒకతి. ఆమె పలకరిస్తేనే తిట్టినట్టుంటుంది.

"ఒరే సిమ్మాచలం! ఆ పెద్ద కచేరీలో కూకుని ఏటి రాసినావురా?"

"నేనేం రాయలేదత్తా. ఉన్నదే రాశాను."

"ఉన్నదా? సచ్చినోళ్ళని రాసినావు, బతికినోళ్ళని ఒదిలేసినావు."

"మీరు చెప్పినట్టే కదత్తా రాశాను!"

"మేం సెప్తే రాసీడవేనా? సదుంకున్నోడివి, నీ బుర్రేటయిందిరా?" వెనక ఎవరో నవ్వారు. ఇంకెవరో మా అరుగు మీద ఉమ్మేశారు. ఎర్రమ్మత్త గొంతు తగ్గించింది. "ఇదుగో ఇను. బస్సు పోతే పోనాది, కాళ్ళున్నాయి, నడుత్తాం. నువ్వు మాత్రం నోరిప్పకు. పేర్లు బయటపడితే పీటలు పోతాయి. పీటలు పోతే నిన్ను ఈ ఈదిలో బతకనివ్వం."

వాళ్ళు వెళ్ళాక అరుగు నేనే కడిగాను. దాలమ్మ గుమ్మంలో నిలబడి చూసింది, సాయం చేయలేదు.

ఆ వారంలోనే అమ్మ తద్దినం వచ్చింది. పంతులు గారు అమ్మ పేరు, గోత్రం చెప్పించారు. దర్భల మీద నువ్వులూ నీళ్ళూ వదిలాను. వంటింట్లో దాలమ్మ లేదు. సెలవు పెడితే గున్నమ్మకు గైర్హాజరు పడుతుంది, అందుకని వంట పొద్దున్నే ముగించి షెడ్డుకు పోయింది. నా చేతిలోంచి నీళ్ళు జారుతున్న సమయానికే నాలుగో షెడ్డు గేటు దగ్గర మా అమ్మ హాజరు పడింది. ఎవరికి పిండం పెడుతున్నామో ఆ మనిషి చేతే పని చేయిస్తున్నాం. ఆవిడకు ఈ అన్నం అందుతుందా? చనిపోయిందని మనుషులకే చెప్పని వాణ్ణి, పితృదేవతలకు ఏ ముఖంతో చెబుతున్నాను? పంతులు గారిని అడుగుదామనుకున్నాను. ఆయన వేరే ఊళ్ళో ఇంకో తద్దినం ఉందని తొందరపడుతున్నారు.

నిజం చెబితే సున్నా తప్పని తేలుతుంది. రెండు వందల ఎనభై మంది ముసలివాళ్ళ చోట రెండు వందల ఎనభై మంది వయసులో ఉన్నవాళ్ళు కనిపిస్తారు. పరిశ్రమకు ఇంకా ముప్పై ఏళ్ళ బతుకుందని యంత్రమే చెబుతుంది. బస్సు వస్తుంది, ఆస్పత్రి తెరుస్తారు. దాలమ్మ తన పేరు మీద తన పీట మీద కూర్చుంటుంది. ఇది నాకు ఎంత తేలిగ్గా తోచిందంటే, అప్పన్న స్వామే చెప్పించాడనుకున్నాను. స్వామి పేరు ఇందులోకి లాగడం నా తప్పు. ఆలోచన నాది.

మర్నాడు డాక్టర్ హైమవతి గదిలోకి వెళ్ళి తలుపు వేశాను. అంతా చెప్పాను.

ఆవిడ చేతిలోని కలం కింద పెట్టింది. తరవాత, "నా వ్యాసం..." అంది. ఆ తరవాత కోపం వచ్చింది. "మూడేళ్ళు! మూడేళ్ళు నా ఎదురుగా కూర్చుని టీ తాగారు మీరు. కోడళ్ళ చేతులు చూపించి అత్తల వయసు చెప్పారు. నేను ఢిల్లీలో వేదిక ఎక్కి మాట్లాడానండీ!"

"తప్పే మేడమ్. ఒక్క మాటివ్వండి. వాళ్ళ మీద కేసులు పెట్టకూడదు."

ఆవిడ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "పెట్టనివ్వను. నా మాట. పేర్లు సరిచేస్తాం, అంతే."

ఆ మాట ఆవిడ నిలబెట్టుకుంది. అది ఇక్కడ చెప్పాలి.

పేర్లు ఒక్కొక్కటే సరిచేస్తుంటే నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. నూట అరవై మూడు దగ్గర ఆగింది. గోడ మీద ఆ బూడిదరంగు ఆకారం పిక్కలు కొడుతోంది. "మరణించిన తేదీ?" అని అడిగింది. చెప్పాను. ఆకారం చేతులు ఆగిపోయాయి. నేను లేచి నిలబడి గోవింద నామం చెప్పుకున్నాను. మా అమ్మ చనిపోయిన రోజున నాకు ఏడుపు రాలేదు. ఆ గదిలో, ఒక యంత్రం ముందు, వచ్చింది. డాక్టర్ హైమవతి తల తిప్పుకుని కాగితాలు సర్దుకుంది.

పేర్లన్నీ అయ్యాక యంత్రాన్ని మళ్ళీ ముందుకు నడిపించారు. ముప్పావుగంట. నేను వరండాలో కూర్చున్నాను. పిలుపు రాకపోతే నేనే లోపలికి వెళ్ళాను.

"ఎన్నేళ్ళు వచ్చింది మేడమ్? ముప్పయ్యా?"

"రెండు."

"ముప్పై రెండా?"

"రెండేళ్ళండీ సింహాచలం గారూ." ఆవిడ తెర నా వైపు తిప్పింది. "ఇన్నాళ్ళూ యంత్రం వాళ్ళను ముసలివాళ్ళనుకుంది. వేరే పనికి పంపలేం, ఉన్నన్నాళ్ళు ఉండనిద్దాం అనుకుంది. అందుకే పదేళ్ళు వచ్చింది. ఇప్పుడు దానికి ముప్పైల్లో ఉన్నవాళ్ళు రెండు వందల ఎనభై మంది కనబడ్డారు. పోర్టు గోదాముల్లో మనుషులు చాలడం లేదు. నీడలన్నీ అటు వెళ్ళిపోయాయి. వాళ్ళు లేక షెడ్లు మూతపడ్డాయి."

"వాళ్ళు వెళ్తామన్నారా?"

"నీడలు వెళ్ళాయి."

"నీడలు కాదు మేడమ్, మనుషులు. వాళ్ళను అడిగారా?"

ఆవిడ కాగితం తిప్పింది. "ప్రాంతం మొత్తం మీద చూస్తే ఉద్యోగాలు నాలుగు శాతం పెరిగాయి" అంది, నన్ను ఓదారుస్తున్నట్టు.

"ఈ ఫలితం పంపకండి మేడమ్. పాతదే ఉండనివ్వండి."

"పాతది అబద్ధమని ఇప్పుడు నాకు తెలుసు కదండీ" అంది. ఆమె మీద కోపం తెచ్చుకుందామని చూశాను. నేను చెప్పాల్సిన మాటే ఆవిడ చెప్పింది.

మండలి రెండేళ్ళు కూడా ఆగలేదు. ఎలాగూ మూతపడేవే కదా అని షెడ్ల లైసెన్సులు ఆరు నెలల్లో ముగించారు. పోర్టు నూట నలభై కిలోమీటర్ల దూరం. అక్కడ హాస్టలు కట్టారు. నీలమ్మపేటలో మిగిలేది, పప్పును రకాల వారీగా ఏరే గ్రేడింగు హాలు ఒక్కటే. అందులో ఇరవై చోట్లు. పదేళ్ళు పైబడి జీడిపని చేసిన అనుభవం ఉన్నవాళ్ళకే అవి దక్కుతాయి. మిగతావాళ్ళు గోదాములకు.

ఆ ఆరు నెలలూ దాలమ్మ నాతో మాట్లాడలేదు. అన్నం పెట్టేది, కంచం నేల మీద గట్టిగా పెట్టేది. వీధిలో నాకు పాలు పోయడం మానేశారు. గుడికి వెళ్తే పక్కన నిలబడ్డవాళ్ళు జరిగేవారు. నేను నిజం చెప్పాను స్వామీ, మరి ఇదేమిటి అని అడిగాను. బహుశా అడిగిన తీరులోనే గర్వం ఉందేమో.

ఇరవై చోట్ల సంగతి వచ్చాకే దాలమ్మ మొదటిసారి నోరు విప్పింది. "పన్నెండేళ్ళు కొట్టినాను. నాలుగో షెడ్డులో నా అంత పప్పు ఎవులు తీసినారు? ఇరవైలో ఒకటి నాకు రాకపోతే ఇంకెవులికొత్తాది?"

"వస్తుంది" అన్నాను.

నమోదు మా కేంద్రంలోనే పెట్టారు. మూడో కౌంటరు నాది. ఉదయం నుంచీ ఆడవాళ్ళు వరసలో వచ్చి నా ఎదురుగా కూర్చుంటున్నారు. ఒక్కరూ నా ముఖం చూడలేదు. ఎర్రమ్మత్తకు సొంత పేరు మీద ముప్పై ఒక్క ఏళ్ళ అనుభవం ఉంది. ఆమెకు హాలులో చోటు పడింది. చీటీ తీసుకొని, పక్కకు వెళ్ళకుండా నిలబడింది.

దాలమ్మ వచ్చి కూర్చుంది.

"పేరు?" అని అడిగాను. ప్రశ్నలన్నీ గట్టిగా అడగాలన్నది నియమం.

"బమ్మిడి దాలమ్మ."

"వయసు?"

"ముప్పై నాలుగు."

"జీడిపనిలో అనుభవం?"

"పన్నెండేళ్ళు."

పన్నెండు అని వేశాను. తెర ఒప్పుకోలేదు, ఉదయం నుంచీ కోడళ్ళెవరికీ ఒప్పుకోనట్టే. ఆధారం చూపమంది. షెడ్డు, పీట సంఖ్య వేశాను. మేం సరిచేసింది నీడల పేర్లనే, షెడ్డు హాజరులో పాత పేరే ఉండిపోయింది. ఆ పీట మీద ఆ పన్నెండేళ్ళూ పనిచేసినట్టు నమోదైనది బమ్మిడి గున్నమ్మ, ఆమె మరణించింది, ఆమె అనుభవం మరొకరికి చెల్లదు అని వచ్చింది. మళ్ళీ వేశాను. మళ్ళీ అదే వచ్చింది. మూడోసారీ వేశాను.

ఎర్రమ్మత్త తన చీటీ నా బల్ల మీద పెట్టింది. "నా సోటు దీనికి రాసీరా. నాకెందుకురా, ముసిల్దాన్ని."

"అలా కుదరదత్తా. ఎవరిది వాళ్ళకే."

"ఎప్పుడూ కుదిరీది కదరా!"

"ఇప్పుడు కుదరదు."

దాలమ్మ తెర వైపు చూడలేదు, నా వైపే చూసింది. ఆ చూపులో ఏడుపు లేదు.

"ఏటి రాత్తాది మావా అది?"

"అనుభవం ఉన్నట్టు ఆధారం లేదంటోంది."

"లేకపోతే ఏటెయ్యాల?"

నేను తెర వైపు చూశాను.

"సున్నా ఎయ్యాల కదా. ఎయ్యి. నీకు రాయడం కొత్తేటి? పన్నెండేళ్ళూ మీ అమ్మే సేసినాది. మంచి పనిమంతురాలు. సచ్చిపోయినాక ఏడేళ్ళు కూడా ఒక్క రోజు మానలేదు." వెనక వరసలో ఎవరో నవ్వారు. ఆ నవ్వు వెంటనే ఆగిపోయింది. "ఎయ్యి మావా. ఎనకాల జనం ఉన్నారు."

సున్నా వేశాను.

తెర ఈసారి వెంటనే ఒప్పుకుంది. పోర్టు గోదాము, కొత్త చేరిక, ఆఖరి తరగతి, సోమవారం నుంచి. యంత్రం ఒక చీటీ కొట్టి ఇచ్చింది. దాని మీద ఉన్నది అభ్యర్థికి చదివి వినిపించాలి. ఉదయం నుంచీ డెబ్బై ఎనభై మందికి చదివి ఉంటాను. ఒక్కసారి కూడా దాని అర్థం ఆలోచించలేదు. ఇప్పుడు చీటీని బల్ల మీద బోర్లించాను.

"సదువు" అంది దాలమ్మ. "అందరికీ సదివినావు కదా. గట్టిగా సదువు."

చదివాను.

"జీవితంలో మొట్టమొదటిసారి పనిలో అడుగుపెడుతున్న మీకు ప్రాంతీయ ఉపాధి మండలి హృదయపూర్వక అభినందనలు తెలుపుతోంది."

దాలమ్మ చేయి చాచింది. చీటీ ఇచ్చాను. ఆమె దాన్ని నాలుగు మడతలు పెట్టి జాకెట్టులో దోపుకొని, వెనక ఉన్నావిడకు కుర్చీ వదిలి లేచింది.